ఒత్తిడి టాంకు కొనేముందు
(సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల శీతల కేంద్రంలో అమ్మోనియా రిసీవరు, కంప్రెసరు గాలి టాంకు లోపలి ఒత్తిడిని భరించే పాత్రలు. అవి పగిలితే నష్టం పాలతో ఆగదు. 1905లో అమెరికాలోని బ్రాక్టన్‌లో బూట్ల కర్మాగారపు బాయిలరు పేలి 58 మంది మరణించారు. అటువంటి ప్రమాదాల తరువాతనే అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1915లో బాయిలరు నిబంధనావళిని ప్రచురించింది.

మేము తనిఖీకి వెళ్లిన ఒక కేంద్రంలో రిసీవరు కోసం రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2825 (1969) ప్రకారం 6 మి.మీ. రేకు, రెండవది అమెరికా నిబంధనావళి ప్రకారం 7 మి.మీ. రేకు. మందమైనదే గట్టిదని పాలకవర్గం ఎక్కువ ధరకు రెండవదే కొన్నది.

నిజానికి 6 మి.మీ. రేకులో మోసమేమీ లేదు. ఉక్కు తెగే బలాన్ని మన ప్రమాణం 3తోను, అమెరికా వారి ఎనిమిదవ విభాగం మొదటి భాగం 3.5తోను భాగించి, అంతవరకే భారం మోపమంటాయి. 1999కి ముందు అమెరికా వారు 4తో భాగించేవారు. తుప్పు కోసం కలిపే మందాన్ని పక్కన పెడితే, ఇక్కడ 6 చాలినచోట అక్కడ 7 కావాలి. అంతే తేడా.

అసలు లోపం ఫైలులో కనబడింది. గోడ అతుకులన్నిటికీ ఎక్స్‌రే తీస్తామన్న షరతుపై ఆ 7 మి.మీ. లెక్క కట్టారు. ఫైలులో ఒక్క ఎక్స్‌రే ఫిల్ము కూడా లేదు! రెండు వైపులా వెల్డింగ్ చేసిన అతుకుకు పూర్తి ఎక్స్‌రే ఉంటే నూటికి నూరు పాళ్లు, నమూనాగా తీస్తే 85, అసలు తీయకుంటే 70 పాళ్లు బలమే లెక్కించాలి. ఈ విషయంలో రెండు నిబంధనావళులదీ ఒకటే మాట. అంటే ఆ టాంకుకు 7 కాదు, 10 మి.మీ. రేకు ఉండాలి. మేము అభ్యంతరం వ్రాశాము. పాలకవర్గం బిల్లు ఆపి, టాంకును వెనక్కు పంపింది.

ఏ నిబంధనావళి ఎంచుకున్నా లెక్క, వెల్డింగ్, పరీక్ష అన్నీ దాని ప్రకారమే జరగాలి. ఒక వైద్యుని మందు, మరొక వైద్యుని పథ్యం పనికిరావు. ఆవిరి బాయిలరు సంగతి వేరు. దానికి భారత బాయిలర్ల నిబంధనలు, 1950 ఉన్నాయి.

కాబట్టి తీర్మానం వ్రాసేముందు ఇవి చూడండి:

1. కొటేషన్లన్నీ ఒకే నిబంధనావళిపై, ఒకే ఒత్తిడికి అడిగారా?
2. అతుకు బలం ఎన్ని పాళ్లుగా లెక్కించారు? ఎక్స్‌రే ఫిల్ములు ఏవి?
3. ఉక్కు పరీక్ష పత్రం, నీటి ఒత్తిడి పరీక్ష పత్రం ఉన్నాయా?
4. టాంకుకు బిగించిన పేరు పలకపై నిబంధనావళి, ఒత్తిడి, తయారైన సంవత్సరం చెక్కి ఉన్నాయా?

ఈ కాగితాలు చూడటానికి ఇంజనీరే కానక్కరలేదు. వెన్న శాతం చీటీ చూడనిదే పాల డబ్బు తీసుకోని మనం, ఈ కాగితాలు చూడనిదే చెక్కుపై సంతకం చేయరాదు.