అందరి చేతిలో అచ్చుయంత్రం
ఓపెన్ సోర్స్ వెబ్ ప్రచురణ – ఒక పరిచయం



భిలాయి అనగానే ఎవరికైనా ఉక్కు గుర్తొస్తుంది. సోవియట్ యూనియన్ సహకారంతో ఇక్కడ కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారంతోపాటు ఊరూ పెరిగింది. పని కోసం దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచీ, ఇతర తెలుగు ప్రాంతాల నుంచీ వచ్చినవాళ్లు వారిలో ఎంతోమంది. ఇప్పుడు ఆ కుటుంబాల్లో మూడో తరం పిల్లలు చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో ఛత్తీస్‌గఢీ. తెలుగు మాట్లాడతారు గాని, చదవమంటే చాలామంది తడబడతారు.

ఇలాంటి ఊళ్లో ఉన్న పిల్లవాడికి తెలుగు అక్షరం ఏ దారిన చేరాలి? ఇవాళ ముఖ్యమైన దారి వెబ్. ఆ దారిని ఎవరు వేశారు, దాని మీద ఎవరికి హక్కు ఉంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

గేజి ఒకటి కావాలి

భిలాయిలో తయారైన రైలు పట్టాలు దేశమంతా పరిచి ఉన్నాయి. మన బ్రాడ్ గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఈ కొలత రహస్యం కాదు. పట్టాలు పరిచేవాడికీ, పెట్టె కట్టేవాడికీ, ఇంజను చేసేవాడికీ తెలుసు. అందుకే ఒకచోట చేసిన పెట్టె ఇంకొకచోట నడుస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే రాయపూర్ నుంచి ధమ్తరికి చాలాకాలం చిన్న గేజి బండి నడిచింది. దాని వెడల్పు 762 మిల్లీమీటర్లు. పెద్ద గేజి పెట్టె ఆ దారిలోకి పోలేదు. సరుకు దించి, మళ్లీ ఎక్కించాల్సిందే.

కంప్యూటర్లో తెలుగు కూడా చాలా ఏళ్లు ఇలాగే ఉండేది. ఒక్కో పత్రిక, ఒక్కో కంపెనీ తన సొంత ఫాంటు తయారు చేసుకునేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవారు. ఒక ఫాంటులో ‘అ’ ఉన్నచోట ఇంకో ఫాంటులో మరో గుర్తు ఉండేది. మీ దగ్గర ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థంలేని గుర్తులు కనిపించేవి. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు.

ఈ చిక్కును విప్పింది యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ తలా ఒక సంఖ్య ఇవ్వడమే ఈ పద్ధతి. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘అ’కు సంఖ్య 3077, ‘క’కు 3093. ఈ సంఖ్యలు ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోనులోనైనా ఇవే. అంటే తెలుగుకు ఒకే గేజి దొరికింది. ఈ కొలత ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

పట్టాలు పడ్డాక బండి కావాలి. ఆ బండి సాఫ్ట్‌వేరు. ప్రతి సాఫ్ట్‌వేరుకూ వెనుక మనిషి రాసిన సూచనల పాఠం ఉంటుంది. దాన్నే సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు దాన్ని దాచిపెట్టి, పనిచేసే యంత్రరూపాన్ని మాత్రమే అమ్ముతాయి. ఓపెన్ సోర్స్‌లో ఆ పాఠాన్ని అందరి ముందు పెడతారు.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం దీనికి సిద్ధాంతం ఇచ్చింది. అది నాలుగు స్వేచ్ఛలను కోరింది. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, అది ఎలా పనిచేస్తుందో చదివి తెలుసుకోవడం, ఇతరులకు పంచడం, మార్చి మెరుగుపరచి ఆ మార్పును కూడా పంచడం. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట ఉండటం వల్ల అక్కడ చాలా గందరగోళం జరిగింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. డబ్బు తీసుకోకపోవడం ఉచితం. తలుపు తెరిచి లోపల చూసే హక్కు ఉండటం స్వేచ్ఛ. 1989లో వచ్చిన జీపీఎల్ అనే అనుమతిపత్రం ఈ హక్కులకు చట్టబద్ధమైన రూపం ఇచ్చింది. మార్పులు చేసి పంచేవాడు ఇవే హక్కులను ముందువాళ్లకు కూడా ఇవ్వాలన్నది అందులోని షరతు.

ఉక్కుకూ కోడ్‌కూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. ఒక పట్టాను ధమ్తరికి పంపితే అది భిలాయిలో ఉండదు. కోడ్ అలా కాదు. లక్షమందికి ఇచ్చినా ఇచ్చినవాడి దగ్గర అలాగే ఉంటుంది. పంచితే తరగనిది విద్య అని మన పెద్దలు అన్నారు కదా, కోడ్ కూడా ఆ కోవలోదే.

మూడు దేశాల కథ

ఒక ఉదాహరణ చూద్దాం. ఫ్రాన్స్‌లోని కోర్సికా ద్వీపవాసి మిషెల్ వాల్‌ద్రిగి వెబ్‌లో రాతలు ప్రచురించడానికి బీ2 అనే ప్రోగ్రాము రాశాడు. 2002 తర్వాత దాని పని ఆగిపోయింది. దాన్ని వాడుతున్న మాట్ ముల్లెన్‌వెగ్ అప్పటికి అమెరికాలో 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి. ఆ కోడ్ జీపీఎల్ కింద ఉంది కాబట్టి తాను కొనసాగిస్తానని 2003 జనవరిలో రాశాడు. ఇంగ్లండులోని మైక్ లిటిల్ తానూ కలుస్తానన్నాడు. 2003 మే 27న వారి మొదటి కూర్పు వెలువడింది. అదే వర్డ్‌ప్రెస్. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో సుమారు ప్రతి ఐదింటిలో రెండు దానిమీదే నడుస్తున్నాయి.

ఇందులో గమనించవలసింది ఒక్కటి. యజమాని వదిలేస్తే కార్ఖానా మూతపడుతుంది. కానీ అనుమతి తెరిచి ఉన్న కోడ్‌ను వదిలేస్తే ఇంకొకరు అందుకోగలరు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరుకు మూలరూపం రాసిన మాగ్నస్ మాన్స్కె కూడా అప్పటికి జర్మనీలో విద్యార్థే. బెల్జియంలో డ్రీస్ బాయ్‌టార్ట్ 2001లో ద్రుపల్‌ను విడుదల చేశాడు. 2005లో వచ్చిన జూమ్లా అనే మరో ప్రోగ్రాము పేరుకు మూలం స్వాహిలీ మాట. ‘అందరూ కలిసి’ అని దాని అర్థం.

ఇంతమంది దూరదూరాల నుంచి గొడవ పడకుండా ఎలా పనిచేస్తారు? ఒకరు మార్పు పంపుతారు. అనుభవం ఉన్నవాళ్లు చదివి, తప్పులు చెప్పి, సరిచేయించి చేర్చుకుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యం మార్చారో లెక్క ఉంటుంది. గొడవలు లేవని కాదు. ఒప్పుకోలేనివాళ్లు కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టుకునే హక్కు ఉంది. ఆ భయమే పెద్దలనుకునేవాళ్లను అదుపులో ఉంచుతుంది.

తెలుగులో జరిగింది

తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన అనే యూనికోడ్ ఫాంటును రూపొందించి జీపీఎల్ కింద అందరికీ ఇచ్చారు. వెన్న నాగార్జున ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని తయారుచేశారు. ఆయన చొరవతోనే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పద్మ కోడ్ తెరిచి ఉన్నందువల్ల దాని ఆధారంగా వీవెన్ 2006లో లేఖినిని తయారుచేశారు. తెలుగు కీబోర్డు నేర్చుకోనివాళ్లు కూడా దానితో తెలుగు రాయగలిగారు. ఎంతోమంది తెలుగువాళ్లు మొదటిసారి తమ భాషలో టైపు చేసింది దానిలోనే.

పోతన, పద్మ, లేఖిని, వికీపీడియా. ఈ నాలుగింటినీ ఏ ఒక్క కార్యాలయమూ ప్రణాళిక వేసి చేయించలేదు. ఒకరి పని మీద ఇంకొకరు నిలబడ్డారు. భిలాయిలో మన ఇంజనీర్లు సోవియట్ నిపుణుల పక్కన నిలబడి పని నేర్చుకున్నట్టే ఇదీను. తేడా ఒక్కటే. ఇక్కడ పక్కన నిలబడటానికి ప్రయాణం అక్కర్లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో జరిగింది

ఈ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది. రవి రతలామీ అనే పేరుతో రాసే రవిశంకర్ శ్రీవాస్తవ కేడీఈ అనే ఓపెన్ సోర్స్ కంప్యూటర్ తెరను ఛత్తీస్‌గఢీలోకి తెచ్చారు. మార్కెట్ లెక్కల ప్రకారం ఒక కంపెనీ ఆ భాషను పట్టించుకుంటుందో లేదో చెప్పలేం. కోడ్ తెరిచి ఉంటే ఎవరి లెక్కలతోనూ పనిలేదు.

మరి చదవడమే రానివాళ్ల సంగతి? మాజీ బీబీసీ పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి 2010లో సీజీనెట్ స్వర ప్రారంభించారు. మామూలు సెల్‌ఫోనుతో ఒక నంబరుకు ఫోన్ చేసి, తమ ఊరి సంగతి తమ భాషలో చెప్పగలిగేవారు. సంపాదకులు విచారించి ప్రచురించేవారు. ఇతరులు ఫోనులోనూ, వెబ్‌లోనూ వినేవారు. దీనికి ఆధారమైన ఆస్టెరిస్క్ కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. ఉపాధి హామీ కూలి అందలేదని, బోరింగు పనిచేయడం లేదని గోండీ, హిందీ మాట్లాడే పల్లెవాసులు చెప్పారు. సంబంధిత అధికారి నంబరు కూడా చెబితే విన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేసేవారు. కొన్ని పనులు కదిలాయి. పత్రికలో తమ మాట ఎన్నడూ అచ్చు కానివాళ్లకు ఇది అచ్చుయంత్రం అయింది.

మరో వైపు

ఇదంతా విని అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోవద్దు. ఇంటర్నెట్లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఒక ప్రమాదకరమైన తప్పు 2014 ఏప్రిల్‌లో బయటపడింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద సంస్థలు వాడుకుంటున్న ఆ కోడ్‌ను చూసుకుంటున్నది గుప్పెడుమంది మాత్రమే. తలుపు తెరిచి ఉంటే చాలదు, లోపలికి వచ్చి చూసేవాళ్లు ఉండాలి. ఆ తర్వాతే కొన్ని కంపెనీలు కలిసి నిధులు ఇచ్చాయి.

అలాగే ఎవరైనా ప్రచురించగలిగినప్పుడు అబద్ధం కూడా ప్రచురణ అవుతుంది. సాఫ్ట్‌వేరు అక్షరదోషాన్ని పట్టగలదేమో గాని, నిజాయితీని నేర్పలేదు. ఆధారం అడగడం, తప్పు రాస్తే ఒప్పుకుని దిద్దుకోవడం మనం నేర్చుకోవలసినవి.

మీ వంతు

ఊరి బావి అందరిదీ. నీళ్లు తోడుకునేవాళ్లే ఉండి, పూడిక తీసేవాళ్లు లేకపోతే అది ఎండుతుంది. ఈ ఉమ్మడి సంపద కూడా అంతే. కోడ్ రాయగలిగితేనే సాయం చేయగలమని అనుకోకండి. అనువాదం చేయవచ్చు. తప్పు కనిపిస్తే తెలియజేయవచ్చు. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలపై మన దేశంలో సాధారణంగా కాపీరైటు ఉండదు. వాటిని టైపు చేసి తెలుగు వికీసోర్స్‌లో చేర్చవచ్చు.

భిలాయి పిల్లలకు ఒక ప్రత్యేకమైన పని ఉంది. మీ తాతగారు ఏ ఊరినుంచి, ఏ సంవత్సరం, ఏ పనిలోకి వచ్చారో అడిగి రాయండి. దగ్గరి గనియారీ గ్రామంలో పుట్టి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ పండవానీ గానాన్ని ప్రపంచానికి వినిపించి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్‌బాయి గురించి తెలుగులో రాయండి. తెలుగువాళ్లకు ఛత్తీస్‌గఢ్‌నూ, ఛత్తీస్‌గఢ్‌కు తెలుగునూ చెప్పగలిగేది రెండూ తెలిసిన మీరే. అక్షరాలు తప్పులుపోయినా పరవాలేదు. దిద్దేవాళ్లు ఉన్నారు. రాసినది ఉంటేనే కదా దిద్దడానికి!

మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. ఈ దారిని వేసింది ఒకరు కాదు. దీని మీద హక్కు అందరిదీ. కానీ దాన్ని కాపాడే పని కూడా అందరిదే. ఆ పని ఇవాళ సాయంత్రం ఒక్క తెలుగు వాక్యంతో మొదలుపెట్టవచ్చు.