తుంటికీలు మార్పిడికి తరుణ మెప్పుడు?



గుంటూరు, ప్రకాశం మైదానములలో కాలమును పంచాంగముకంటె పైరునుబట్టి కొలుచుట వాడుక. పత్తి తీతలు, మిరప కోతలు, కల్లములలో కాయ నెండబోయుట, తాలుకాయల నేరుట, టిక్కీలను గుంటూరు యార్డునకు తరలించుట - వీనినిబట్టియే పెండ్లిండ్లు, ప్రయాణములు, తుదకు వైద్యములుకూడ నిర్ణయమగుచుండును. "ఈ కోత కానీ, చూద్దాం" అను మాట ఈ సీమలో విననివా రుండరు. అరిగిన తుంటికీలును మార్పించుకొనుటకు తరుణ మెప్పుడని నేడు విచారింపబోవుచు, ఆ మాటతోనే ప్రారంభించుచున్నాము.

మా మేనత్తగారికి 57వ యేట కుడి తుంటిలో నొప్పి మొదలైనది. పత్తిచేను, మిరపకల్లము ఆమె చేతిమీదుగనే నడచెడివి. శస్త్రచికిత్స మాట వచ్చినప్పు డెల్ల, "ఒరే అబ్బాయీ, ఈ కోత కానీరా, ఆనక చూద్దాం" అనెడిది. ఆమె యట్లనుటలో వింత లేదు. తప్పు మాదే. "65 దాటనిమ్ము అత్తా, చిన్నవయసున అమర్చిన కీలు అరిగిపోవును" అని చదువుకొన్నవారమై మేమే సలహా చెప్పితిమి. నాలుగు కోతలు గడచినవి. మొదట కల్లములో గొంతుకూర్చుండుట మానినది. పిదప నులకమంచముమీదనుండియే కూలీలకు పని పురమాయించెడిది. తరువాత కల్లమునకు పోవుటయే మానినది. రాత్రులు నిద్ర కరవైనది. తొడకండ సన్నగిల్లినది. 61వ యేట కీలు మార్పించితిమి. మరునాడే చట్రము పట్టుకొని నాలుగడుగులు వేసినది. రాత్రి బాధ పోయినది. కాని కుంటు మాత్రము పూర్తిగా పోలేదు. "కీలు కొత్తదేగాని కండ పాతదేకదా! రెండేండ్లు ముందు రావలసినది" అని వైద్యు డనెను. ఆ మాట మమ్ములను నేటికిని బాధించుచున్నది.

మేము చెప్పిన సలహా మా సొంతము కాదు. దాని కొక చరిత్ర కలదు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అను వైద్యుడు తొలుత టెఫ్లాను గిన్నెలతో కీళ్ళ నమర్చెను. అవి కొలది యేండ్లలోనే అరిగిపోగా, రోగులకు మరల శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. 1962 నవంబరులో ఆయన గట్టి పాలిథీన్ గిన్నెను, చిన్న ఉక్కుబంతిని వాడి కృతార్థుడయ్యెను. నేటి మార్పిడికి అదియే పునాది. అయినను అరుగుదల భయము పోక, ఆనాళ్ళలో ఈ చికిత్సను ముఖ్యముగ వృద్ధులకే కేటాయించిరి. "వయసు రానిమ్ము" అను మాట అప్పటిది.

మరి నేటి లెక్క లేమనుచున్నవి? 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలనప్రకారము నూటికి 58 తుంటికీళ్ళు 25 ఏండ్లు నిలుచునని అంచనా. అదే పత్రికలో 2017లో ప్రకటితమైన బ్రిటను పరిశీలన తుంటి, మోకాలు మార్పిడులను రెంటిని గూర్చినది. 70 దాటినపిదప చేయించుకొన్నవారిలో, జీవితములో మరల మార్పింపవలసివచ్చు అవకాశము నూటికి ఇంచుమించు 5. ఏబదుల తొలినాళ్ళలోనున్న పురుషులలో అది 35 వరకు కలదు. స్త్రీలలో అంతకంటె తక్కువ. కావున తొందరపాటునకు మూల్యము కలదు. కాని వేచియుండుటకును మూల్యము కలదని మేము మరచితిమి. త్రాసులో రెండవ తట్టనుకూడ చూడవలెను.

ఆ తట్టలో నేమున్నదో రోగియే చెప్పగలడు. ఎక్స్‌రే పటములో అరుగుదల హెచ్చుగానున్నను బాధ తక్కువగానుండవచ్చును. బాధ హెచ్చై పటము తేలికగానుండవచ్చును. పటముతోబాటు బ్రతుకునుకూడ చూడవలెను. రాత్రి నొప్పికి మెలకువ వచ్చుచున్నదా? నిరుడు నడచిన దూరము ఈయేడు నడువగలుగుచున్నారా? కాలిగోళ్ళు తీసికొనగలరా? బరువు తగ్గించుట, వ్యాయామము, నొప్పిలేని వైపు చేత కఱ్ఱ పట్టుట - ఇవన్నియు చేసినను బాధ తగ్గలేదా? మాత్ర లేనిదే దినము గడువకున్నదా? అట్టి మాత్రలు చిరకాలము వాడినచో కడుపునకును మూత్రపిండములకును హాని కలుగవచ్చును. ఈ ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము ప్రతికూలమైనచో, వయసును సాకుగా చెప్పక వైద్యుని సంప్రదించుటయే యుక్తము.

ముందుగా నొప్పి యెచ్చటిదో తేల్చుకొనవలెను. తుంటినొప్పి చాలమారు గజ్జలో తోచును. ఒక్కొక్కప్పుడు మోకాటిలోనే తోచి దారి తప్పించును. నెల్లూరు జిల్లా పల్లెలలోని ఫ్లోరైడు వ్యాధిని 1937లో వైద్యులు ప్రకటించిరి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతము లానాడు ఆ జిల్లాలోనివే. 1970లో వేరొక జిల్లాలో చేరినవి. నీటిలోని ఫ్లోరైడు ఎముకను గట్టిపరచి, స్నాయువులను సున్నపువలె బిగియజేయును. అచ్చటివారికి నడుము బిగువును తుంటినొప్పియు కలసియుండవచ్చును, వెన్నెముకనుకూడ చూపించుకొనవలెను. ఇక పడుచువారిలో, ముఖ్యముగ స్టెరాయిడు మందులు వాడినవారిలోను, అతిగా మద్యము సేవించువారిలోను తొడయెముక శిరస్సునకు రక్తప్రసారము తగ్గి అది క్రుంగిపోవచ్చును. తొలిదశలో కనిపెట్టినచో కొందరిలో సొంతకీలును నిలుపుకొను అవకాశము కలదు. అట్టివారు నొప్పి ముదురువరకు వేచియుండరాదు.

నిశ్చయమైనపిదప, రోజు నిర్ణయించుటకు పైరును సంప్రదించుట తప్పు కాదు. మిరప అమ్మకములు ముగిసి తొలకరి విత్తులకు ముందు దొరకు విరామము సేదతీరుటకు అనుకూలము. ఈలోగా చక్కెరవ్యాధిని అదుపులో నుంచుకొనవలెను, పొగాకు మానవలెను, పంటిచీము, పుండ్లు ఉన్నచో మాన్పించుకొనవలెను. ఇంట ఎత్తైన కుర్చీ, కమోడు సమకూర్చుకొనవలెను. శస్త్రచికిత్స పిదప గొంతుకూర్చుండుట, పీటపై కూర్చుండుట వైద్యుడు అనుమతించువరకు కూడదు; కీలు తొలగు ప్రమాదము కలదు. కనుక తాలుకాయ లేరు పని బల్లపై చేసికొనుటయో, ఇతరులకు అప్పగించుటయో ముందే ఆలోచించుకొనవలెను.

కోతను చూచి నెలను ఎంచుకొనవచ్చును. కోతను సాకుచేసి ఏండ్లు గడుపరాదు. ప్రతి యేటను మరియొక కోత వచ్చును. సన్నగిల్లిన కండ అంత సులభముగ తిరిగిరాదు. మీ యింట "తరువాత చూద్దాం" అను పెద్దలుండినచో, "రాత్రి నిద్ర పట్టుచున్నదా?" అని నేడే వారి నడుగుడు. ఆ ప్రశ్నను మేము నాలుగేండ్లు ఆలస్యముగ నడిగితిమి.