రెండోసారి చూడాలా?

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ మధ్య మన సంఘంలోని ఒక యౌవనస్థుడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, ఫుట్‌బాల్‌లో రిఫరీ వీడియో చూసి తీర్పు చెప్పడం మంచిదా, కాదా? మా ఇంట్లో నాన్నకూ నాకూ రోజూ ఇదే వాదన" అన్నాడు. ఆటల సంగతి పాస్టరుకెందుకని నవ్వి పంపేశాను. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో తరువాత చెబుతాను.

ముందు మన దేశానికే జరిగిన ఒక సంగతి వినండి. 2024 జూన్ 11న దోహాలో భారత జట్టు కతార్‌తో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడింది. గెలిస్తే మన జట్టు చరిత్రలో మొదటిసారి మూడవ రౌండుకు వెళ్తుంది. మనవాడు ఛాంగ్తే గోల్ కొట్టాడు. మనం ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాము. 73వ నిమిషంలో కతార్ ఆటగాడు తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. ఆ బంతి దొర్లి మైదానపు గీత దాటిపోయింది. మనవాళ్లు ఆట ఆగిందనుకున్నారు. కాని కతార్ ఆటగాడొకడు దాటిపోయిన బంతిని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు వలలోకి కొట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. మనవాళ్లు చుట్టుముట్టి ఎంత మొరపెట్టుకున్నా ప్రయోజనం లేకపోయింది. చివరికి 2-1తో ఓడిపోయాము. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లవాడికి కూడా బంతి బయటికి పోయిందని తెలిసింది. తెలుసుకోవలసిన ఒక్క మనిషికి మాత్రం దాన్ని చూసే ఏర్పాటు లేదు. ఎందుకంటే ఆ మ్యాచ్‌లో వీడియో సహాయం వాడలేదు.

చూడండి, ఇది కొత్త సమస్య కాదు. 1966లో లండన్‌లో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి కిందపడింది. గీత దాటిందా, లేదా? రిఫరీకి తెలియలేదు. పక్కనున్న లైన్స్‌మన్‌ను అడిగాడు, అతడు గోల్ అన్నాడు. ఈనాటికీ జర్మనీవారు దాటలేదంటారు. 1986లో మెక్సికోలో మారడోనా చేతితో బంతిని గోల్‌లోకి నెట్టాడు. రిఫరీ లైన్స్‌మన్ వైపు చూశాడు, అతడు జెండా ఎత్తలేదు, గోల్ ఇచ్చేశారు. 2010లో దక్షిణాఫ్రికాలో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి బాగా లోపలపడినా గోల్ ఇవ్వలేదు. ఆ మ్యాచ్ తరువాత ఫిఫా అధ్యక్షుడు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. రెండేళ్లకు, 2012లో, బంతి గీత దాటిందో లేదో చెప్పే యంత్రాన్ని ఒప్పుకున్నారు. 2014 ప్రపంచ కప్‌లో దాన్ని వాడారు.

మన క్రికెట్‌లో ఇది ఎప్పుడో వచ్చింది. 1992లో డర్బన్‌లో టీవీ చూసి థర్డ్ అంపైర్ ఔట్ ఇచ్చిన మొదటి బ్యాట్స్‌మన్ మన సచినే. ఫుట్‌బాల్ మాత్రం చాలాకాలం తలుపు తీయలేదు. 2018లో వీడియో అసిస్టెంట్ రిఫరీని నియమావళిలో చేర్చారు. అప్పటి నియమం ప్రకారం నాలుగు సంగతుల్లోనే అతడు జోక్యం చేసుకోవాలి. గోల్ అయినదా, పెనాల్టీ ఇవ్వాలా, నేరుగా రెడ్ కార్డ్ చూపాలా, ఒకరికి బదులు మరొకరిని శిక్షించారా. అది కూడా తప్పు స్పష్టంగా కనబడినప్పుడే. ఆఖరి మాట మైదానంలో ఉన్న రిఫరీదే. ఆ సంవత్సరమే మాస్కోలో ఫైనల్ జరుగుచుండగా రిఫరీ గీత పక్కనున్న స్క్రీన్ దగ్గరకు నడిచి, చూసి, ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు.

ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు. మోషే ధర్మశాస్త్రంలో ఒక్క సాక్షి మాట మీద తీర్పు తీర్చకూడదని, ఇద్దరో ముగ్గురో ఉండాలని నియమమున్నది గదా! ఒక్క మనిషి కళ్లు చాలవని ఆనాడే తెలుసు. కెమెరా రెండవ సాక్షి అనుకోండి.

అయితే ఆ అబ్బాయి తండ్రి మాటలో కూడా న్యాయమున్నది. గోల్ పడగానే ఎగిరి గంతేయాలి. ఇప్పుడేమో గోల్ పడ్డాక కూడా నిలబడి ఎదురుచూడాలి. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. 2022 కతార్ ప్రపంచ కప్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టి, ఒక్కొక్క ఆటగాడి శరీరంలో 29 చోట్లను గమనించారు. కాలి వేలు ముందుందా వెనకుందా అని కొలిచి ఆఫ్‌సైడ్ తేల్చారు. ఆట ఆనందం దీనికే బలైపోతోందని స్వీడన్‌లో అభిమానులు గట్టిగా వ్యతిరేకించారు. 2024లో ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం ఈ పద్ధతి వద్దని తీర్మానించింది. ఇంగ్లండ్‌లో అదే సంవత్సరం ఒక క్లబ్బు దీన్ని తీసేయమని ప్రతిపాదిస్తే 19 క్లబ్బులు ఒప్పుకోలేదు. మంచివాళ్లు రెండు పక్షాలా ఉన్నారు.

కాని ప్రియులారా, నన్ను ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. 2023 సెప్టెంబరు 30న లండన్‌లో టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్లు ఆడుచున్నాయి. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తారు. వీడియో గదిలో ఉన్నవాళ్లు గీతలు గీసి చూశారు. ఆఫ్‌సైడ్ కాదు. యంత్రం సరిగానే చూపింది. అయితే వీడియో రిఫరీ, మైదానంలో గోల్ ఇచ్చారనే అనుకుని, పరిశీలన పూర్తయిందని చెప్పాడు. మైదానంలోని రిఫరీ అది విని, గోల్ కాదన్న తన తీర్పే సరైనదనుకున్నాడు. ఆట మళ్లీ మొదలైంది. గదిలో పొరపాటు తెలిసిపోయింది. ఆట ఆపమని ఒకరు అడిగారు. కాని ఒకసారి ఆట మొదలైతే వెనక్కి వెళ్లకూడదని నియమం. ఇక చేసేదేమీ లేదన్నారు. ఆ సంభాషణను తరువాత అందరికీ వినిపించారు. ఆ రోజు లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది.

అంటే ఏమిటి? సత్యం తెర మీద కనబడుచునే ఉన్నది. చూసినవాడి నోటినుండి వినవలసినవాడి చెవికి అది చేరలేదు. ఆ కొంచెం దూరం ఏ కెమెరా దాటించలేదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం వేసవిలో యౌవనస్థుల కూడికలు పెట్టుకున్నాము. సాయంత్రం ఎండ తగ్గాక పిల్లలు రెండు జట్లుగా ఫుట్‌బాల్ ఆడారు. అటు రెండు, ఇటు రెండు ఇటుకలు పెట్టి గోల్ అన్నారు. విజిల్ నా చేతికిచ్చారు. చివర్లో ఒక అబ్బాయి గట్టిగా కొట్టాడు. బంతి ఇటుక లోపలినుండి పోయిందా, బయటినుండి పోయిందా? నేను బయటే అన్నాను. "లోపలే అయ్యగారూ" అన్నాడు. మళ్లీ అన్నాడు. పెద్దవాళ్లతో వాదిస్తావా అని కోప్పడి, వాడిని ఆటలోనుండి పంపేశాను.

కాసేపటికి ఒక చెల్లెమ్మ వచ్చి తన ఫోనులో వీడియో చూపించింది. బంతి లోపలినుండే పోయింది. వాడు చెప్పిందే నిజం. నేను ఏమి చేశానో తెలుసా? "సరేలేమ్మా, ఆటే గదా" అని ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆ రాత్రి అందరి ముందు నిలబడి ప్రార్థన చేశాను. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ఆ ఆదివారం అబ్బాయి గుడికి రాలేదు. తరువాతి ఆదివారమూ రాలేదు. మూడవ వారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మంచం వాల్చి కూర్చోమన్నది. "బాబూ, ఆ రోజు తప్పు నాదే. వీడియో చూశాను" అన్నాను.

"ఎప్పుడు చూశారయ్యగారూ?" అన్నాడు.

"ఆ సాయంత్రమే" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రాత్రి ప్రార్థనప్పుడు అందరం అక్కడే ఉన్నాం గదండీ. అప్పుడు చెప్పినా సరిపోయేది" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. వీడియో చూడడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. చూసింది ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆ పిల్లవాడు అందరి దృష్టిలో అబద్ధికుడిగానే ఉన్నాడు. మన యౌవనస్థుడు ప్రశ్న అడిగిన రాత్రి నాకు గుర్తొచ్చింది ఇదే.

జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజే పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2012 సెప్టెంబరులో ఇటలీలో లాజియో పక్షాన ఆడుచు, నాపోలి మీద గోల్ కొట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. అప్పుడు క్లోజే తానే వెళ్లి, బంతి నా చేతికి తగిలిందని చెప్పాడు. రిఫరీ గోల్ రద్దుచేశాడు. ఆ మ్యాచ్ లాజియో 3-0తో ఓడిపోయింది. అప్పటికి అక్కడ వీడియో రిఫరీ లేడు. చెప్పకపోతే ఆ గోల్ నిలిచిపోయేది. అయినా చెప్పాడు.

గనుక ఆ తండ్రికీ కొడుకుకూ నా జవాబు ఇది. రిఫరీ వీడియో చూడాలి. ఆట ఫలితాన్ని మార్చే పెద్ద సంగతుల్లో, తప్పు స్పష్టంగా ఉన్నప్పుడు చూడాలి. ప్రతి చిన్నదానికీ ఆట ఆపితే ఆట మిగలదు, అక్కడ తండ్రి మాట వినాలి. చూసిన తరువాత ఏమి చూశాడో అందరికీ వినబడేలా చెప్పాలి. 2023 మహిళల ప్రపంచ కప్‌లో రిఫరీలు మైకులో తమ తీర్పును ప్రకటించారు, అది మంచి పద్ధతి. ఇంకొక మాట. ఈ న్యాయం డబ్బున్న లీగులకే పరిమితం కాకూడదు. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచ కప్‌లో తక్కువ ఖర్చు పద్ధతి ఒకటి ప్రయత్నించారు. వేరే వీడియో రిఫరీ ఉండడు. కోచ్ అడిగినప్పుడు మైదానంలోని రిఫరీయే వచ్చి స్క్రీన్ చూస్తాడు. ఒక్కొక్క జట్టు రెండుసార్లు అడగవచ్చు. అలాంటిది దోహాలో ఆ రోజు ఉండి ఉంటే మన పిల్లల మొర ఎవరైనా వినేవారు.

చివరిగా, ప్రియ స్నేహితుడా, ప్రియ సహోదరీ, ఇంట్లో నీవు కూడా ఎన్నోసార్లు విజిల్ పట్టుకున్నావు. పిల్లల మధ్య, కోడలి మీద, పనివాడి మీద తీర్పు చెప్పావు. తరువాత నిజం తెలిసింది. తెలిసినా "సరేలే" అని ఊరుకున్నది ఎక్కడైనా ఉన్నదా? ఉంటే ఈ రోజే వెళ్లు. ఎన్ని వారాలైనా సరే, వెళ్లు. ఆ అబ్బాయి ఆ తరువాతి ఆదివారం గుడికి వచ్చాడు. వెనక వరుసలో కూర్చున్నాడు. ముందుకు రమ్మని నేను పిలవలేదు. వచ్చాడు, అది చాలు.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.