సంతకం లేని ఉద్యోగం



పట్టా అందుకున్న ఈ రోజు మీ ఇళ్లల్లో వినపడే ప్రశ్న నాకు తెలుసు: ఏ కంపెనీ, ప్యాకేజీ ఎంత? అడగడం తప్పేమీ కాదు. నేను మాత్రం ప్యాకేజీ తక్కువగా ఉండే, పర్మినెంటు అసలే కాని ఒక పని గురించి, అంటే ఫెలోషిప్ గురించి, మాట్లాడతాను.

2012లో ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోలు నక్సల్ ప్రభావిత జిల్లాలకు వెళ్లారు. 2021లో కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ మహాత్మా గాంధీ నేషనల్ ఫెలోషిప్ రెండో విడతకు 657 మందిని పిలిచింది. విశాఖతో సహా తొమ్మిది ఐఐఎంలు పాఠాలు చెప్పాయి. జిల్లాల్లో ఉండి స్కిల్ ప్లాన్లు తయారు చేయడం వాళ్ల పని. మొదటి ఏడాది నెలకు 50 వేలు, రెండో ఏడాది 60 వేలు. ఆపైన సెలవు.

ఫెలోకు సంతకం పెట్టే అధికారం ఉండదు. బిల్లు పాస్ చేయలేరు, బదిలీ ఆపలేరు. మొదటి వారం అటెండరే ‘ఇంటర్న్‌షిప్పా బాబూ?’ అని అడుగుతాడు. నన్నడిగితే ఆ పనికున్న బలం అదే. కాపాడుకోవాల్సిన కుర్చీ లేదు కాబట్టి ఒక శాఖ గదిలోంచి ఇంకో శాఖ గదిలోకి దర్జాగా నడిచి వెళ్లొచ్చు.

మన సంగారెడ్డి జిల్లాకు ఆ నడక ఎంత అవసరమో చూడండి. బీహెచ్‌ఈఎల్, భానూరు బీడీఎల్, కంది ఐఐటీ, 1972 నుంచి ఇక్రిశాట్... మనకు లేనిదేమిటి? అయినా 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయినప్పుడు, మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు కావాల్సి వచ్చింది. పోయినవాళ్లలో పొట్ట చేత పట్టుకుని బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఫ్యాక్టరీ లైసెన్సు ఒక శాఖది, కాంట్రాక్టు కూలీల రిజిస్ట్రేషన్ ఇంకో శాఖది, మస్టరు కాంట్రాక్టరు దగ్గర, పీఎఫ్ నంబరు కేంద్రం దగ్గర. ఇవాళ్టి షిఫ్టులో ఎవరున్నారో, ఏ ఊరివాళ్లో ఒక్క పట్టికలోకి తేవడానికి ఐఏఎస్ కానక్కర్లేదు. ఓపిక, కాస్త హిందీ చాలు.

నీళ్ల సంగతీ అంతే. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అయినా పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో లోకానికి చెప్పింది స్వీడన్ పరిశోధకులు. మన ఊరి వాగును కొలవడానికి అంత దూరం నుంచి రావాలా?

ఒక ఫిర్యాదు కూడా ఉంది. మండలాల పేర్లు నోటికి వచ్చేసరికి ఫెలోషిప్ గడువు తీరిపోతుంది. రెండేళ్లు తర్ఫీదు ఇచ్చి ఇంటికి పంపడం ప్రభుత్వానికే నష్టం. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు రాయండి, ఇది దానికి అడ్డు కాదు. ఫెలోషిప్ ప్రకటన వస్తే మాత్రం వదలొద్దు. ఇంటర్వ్యూకు ముందు ఒక పొద్దున పటాన్‌చెరు లేబర్ అడ్డాకు వెళ్లి, అక్కడ నిలబడ్డవాళ్లను పలకరించండి.

ఎంపికైతే, గడువు ముగిసేనాడు మీ పట్టికను కలెక్టరు గారితో పాటు సెక్షన్‌లోని సీనియర్ అసిస్టెంటుకు కూడా అప్పగించండి. కలెక్టరు గారు ఏడాదికో రెండేళ్లకో బదిలీ అవుతారు.