తలుపు తెరిస్తే చాలదు, బండి కూడా చేతికివ్వాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించ ప్రార్థన.

నేను చెప్పబోయేది అమెరికాలో జరిగే కార్ల పందేల సంగతి. "మాస్టారూ, మనకూ కార్ల పందేలకూ ఏం సంబంధం?" అంటారేమో. కాస్త ఓపికతో వినండి.

ఆ దేశంలో స్టాక్ కారు పందేలంటే జనానికి మహా మోజు. మొదట్లో షాపుల్లో అమ్మే మామూలు కార్లనే పరుగెత్తించేవారు గనుక ఆ పేరు వచ్చింది. 1948లో ఏర్పడిన నాస్కార్ అనే సంస్థ వీటిని నడుపుతోంది. చాలాకాలం అక్కడ తెల్లజాతి మగవాళ్లదే రాజ్యం.

వెండెల్ స్కాట్ అని ఒక నల్లజాతి డ్రైవరు ఉండేవాడు. వర్జీనియా రాష్ట్రంలో డాన్‌విల్ ఊరివాడు. టాక్సీ నడిపాడు, సైన్యంలో మెకానిక్కుగా చేశాడు. తన పందెం కారును తానే బాగుచేసుకునేవాడు. సాయానికి కన్నకొడుకులు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో పందెం గెలిచింది ఆయనే. కాని గెలుపు జెండా మరొకరికి ఊపారు, కప్పూ ఆ మరొకరికే ఇచ్చారు. కొన్ని గంటల తర్వాతగాని లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకోలేదు. స్కాట్ 1990లో కన్నుమూశాడు. ఆ గెలుపు తాలూకు కప్పు ఆయన కుటుంబానికి అందింది 2021లో! తండ్రి కష్టం కళ్లారా చూసిన ఆ బిడ్డల మనసు ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇక జానెట్ గత్రీ. ఈమె విమాన పరిశ్రమలో ఇంజనీరు. 1977లో పేరుగాంచిన డేటోనా 500 పందెంలో దిగిన తొలి మహిళ. అదే ఏడు బ్రిస్టల్‌లో ఆరో స్థానం సంపాదించింది. హిమ్మత్ ఉంది, హునర్ ఉంది. ఖర్చు భరించే కంపెనీలు దొరక్క చివరికి ఆట మానుకోవలసి వచ్చింది.

గమనించండి. వీరిద్దరినీ గేటు లోపలికి రానిచ్చారు. అయితే పందెం నడవాలంటే ఇంజను కావాలి, టైర్లు కావాలి, మెకానిక్కులు కావాలి, ఊరూరా తిరగడానికి డబ్బు కావాలి. అవి ఎవరిస్తారు?

ఈ లోటు తీర్చడానికే 2004లో "డ్రైవ్ ఫర్ డైవర్సిటీ" అనే పథకం మొదలైంది. ఆడపిల్లలనూ, అల్పసంఖ్యాక వర్గాల పిల్లలనూ పరీక్షించి ఎంపిక చేశారు. కారు ఇచ్చారు, మెకానిక్కులను ఇచ్చారు, నేర్పే ఉస్తాదులను పెట్టారు. ముందు చిన్న పందేలలో దింపారు. పందెం మధ్యలో కారు ఆగితే కొద్ది సెకన్లలో చక్రాలు మార్చే పని కూడా నేర్పించారు. బ్రెహానా డేనియల్స్ అనే నల్లజాతి అమ్మాయి కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేది. ఈ తాలీమ్ పొంది 2018లో అగ్రశ్రేణి పందెంలో చక్రాలు మార్చింది. ఆ పనిలో దిగిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

మెక్సికో నుంచి వచ్చిన డేనియల్ సువారెజ్‌కు మొదట ఇంగ్లీషు సరిగా రాదు. టీవీలో కార్టూన్లు చూసి నేర్చుకున్నాడు. 2016లో రెండో శ్రేణి పోటీల ఛాంపియన్ అయ్యాడు. ఇదే పథకంలో ఎదిగిన బబ్బా వాలెస్ 2021 అక్టోబరులో టల్లడేగాలో గెలిచాడు. అగ్రశ్రేణిలో స్కాట్ తర్వాత గెలిచిన నల్లజాతి డ్రైవరు అతడే. మధ్యలో 58 సంవత్సరాలు!

అంతా అయిపోయిందని అనను. అగ్రశ్రేణి పందెం ఇంతవరకు ఏ స్త్రీ గెలవలేదు. ఆ బాకీ ఇంకా మిగిలే ఉంది.

బడి రిజిస్టరులో పేరు ఎక్కినంత మాత్రాన పిల్లకు చదువు రాదు. పుస్తకం కావాలి, దీపం కావాలి, పక్కన కూర్చుని చెప్పేవారు కావాలి. రమ్మని పిలవడం మర్యాద. వచ్చినవారి చేతికి సాధనం ఇవ్వడమే సాయం. స్కాట్‌కు ఆ సాయం అంది ఉంటే ఇంకెన్ని గెలిచేవాడో!