కలివికోడికో పిన్

ఫొటోలను కంప్యూటర్‌లోనే ఆల్బంగా పేర్చి, పేజీ మూలన చొక్కాకు గుచ్చుకునే ఎనామిల్ పిన్ బొమ్మ ఒకటి అతికించడం డిజిటల్ స్క్రాప్‌బుకింగ్‌లో ఒక ముచ్చట. మన కడప పేజీకి ఏ బొమ్మ బాగుంటుంది? నన్నడిగితే కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో మన లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. 1988లో తపాలా బిళ్లకూ ఎక్కింది.

అసలు పిన్‌లో లోహపు అంచుల మధ్య గుంటల్లో రంగు నింపుతారు. అందుకే తెరమీద కూడా, మడి చుట్టూ గట్టులాగా, ప్రతి రంగు చుట్టూ తెగని గీత ఉండాలి. ఐదారు రంగులు చాలు. ఎదమీది రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన తెల్లచార తప్పకూడదు. ఈకలన్నీ గీయబోకండి. రాత్రి తిరిగే పిట్ట కనుక వెనక ముదురు నీలం వేయండి. గీతకు బంగారు రంగు, పైన సన్నటి మెరుపు, కింద లేత నీడ పడితే పిన్ పేజీమీంచి లేచినట్టే ఉంటుంది. అచ్చు వేయించాలనుకుంటే అంగుళానికి 300 పిక్సెళ్లు పెట్టుకోండి.

ఇక ఈ పిన్ బొమ్మల మార్పిడి. కర్నూలు నేస్తం కొండారెడ్డి బురుజు గీసిస్తే మీరు కలివికోడి ఇవ్వండి. ఇచ్చినా మీది మీ దగ్గరే ఉంటుంది, ఎంత హాయి! ఫైలును పీఎన్‌జీగా దాచండి, జేపీజీ అయితే బొమ్మ చుట్టూ తెల్లడబ్బా వస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. గీసినవారి పేరు ఫైలు పేరులోనే చేర్చండి. అమ్మకానికి వాడుకోవాలంటే మాత్రం వాళ్లను అడిగే తీరాలి.