బోటు మీదే అసలు పరీక్ష

2017లో ఓఖీ తుపాను విరుచుకుపడినప్పుడు నడిసముద్రంలో ఉన్న ఎందరో మత్స్యకారులకు హెచ్చరిక అందలేదు. తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు మరి. ఆ లోటు తీర్చడానికే 2019లో జెమిని పరికరం వచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే సమాచారాన్ని అది బ్లూటూత్‌తో ఫోనుకు చేరుస్తుంది. ఫోనులోని యాప్ దాన్ని ప్రాంతీయ భాషల్లో చూపిస్తుంది.

ఇలాంటి పరికరాలకు అసలు పరీక్ష విశాఖ ఫిషింగ్ హార్బర్ బోట్ల మీదే జరగాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర కనిపిస్తోందా? తడి వేలికి బటన్ పనిచేస్తోందా? ఇంజిను హోరులో హెచ్చరిక మోత వినిపిస్తోందా? సరంగు చేతికిచ్చి, మనం ఏమీ చెప్పకుండా గమనించాలి. ఆయన తడబడితే మార్చాల్సింది పరికరాన్నే, ఆయన్ని కాదు. తయారుచేసేవాళ్లు ముందు బోటెక్కాలి.